గంగారాం ముఖం బయటపెట్టింది నేనే

మా ముత్తాత రాజేశ్వరరావు పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత నరసింగరావు ఎదురొస్తే బండి మీద ఉన్నవాడు దిగి, చెప్పులు చేతపట్టుకుని, ఆయన దాటిపోయేదాకా పక్కన నిలబడేవాడు. మా నాన్న వెంకట్రావు కాలానికి అలా దిగేవాళ్ళు తగ్గిపోయారు గానీ, తహశీల్దారు వచ్చినా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఇంటిపేరు రాయను. రాస్తే కరీంనగర్ వైపు వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

వాళ్ళ తరవాతివాణ్ణి నేను. మస్కట్‌లో ఒక కట్టుబడి కంపెనీలో టైమ్‌కీపర్‌ని. పొద్దున్నే బస్సు పక్కన నిలబడి ఎవరు డ్యూటీకి ఎక్కారో, ఎవరు ఎక్కలేదో రాసుకోవడం నా పని. హమ్రియాలో మరో నలుగురితో ఒకే రూమ్‌లో ఉంటాను. అయినా ఇక్కడి మా జిల్లావాళ్ళు నన్ను 'దొరా' అనే పిలుస్తారు. వద్దని నేనెప్పుడూ అనలేదు. ఎందుకంటాను? నా నడుము నిటారుగా ఉన్నది ఆ మాట ఆసరాతోనే.

ఏడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బస్సు దగ్గర పేర్లు పిలుస్తున్నప్పుడు, పిలవనక్కర్లేని ఒక పేరు నోటిదాకా వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు ఎదురుగా నోటితో చెప్పలేకనే ముందు మీకు చెబుతున్నాను.

ఒక సినిమా దర్శకుడు. ఆయన పేరూ రాయను. ఆ పేరు పట్టుకుని జనం ఇప్పటికే చాలా తిట్టుకున్నారు. పాటలు, హీరోలు, పెద్ద నిర్మాతలు లేకుండా సినిమాలు తీసేవాడు. థియేటర్లు ఇవ్వకపోతే ఫంక్షన్ హాళ్ళలో తెర కట్టి చూపించేవాడు. దేవుడిలా చూసేవాళ్ళు ఉన్నారు. మన పరువు తీసి అమ్ముకుంటున్నాడనేవాళ్ళూ అంతే మంది ఉన్నారు. ఒమన్‌లో మనవాళ్ళ బతుకు మీద సినిమా తీస్తానని ఒక చలికాలం వచ్చాడు. మా మెస్సులో తిన్నాడు, కిందనే చాప వేసుకుని పడుకున్నాడు.

ఆ సినిమా ఈ మధ్య ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దానితో పాత గొడవ మళ్ళీ లేచింది. పోయిన శుక్రవారం చొక్కా కోసం లింగం దర్జీ దుకాణానికి వెళ్ళాను. సత్తయ్య కూడా అక్కడే ఉన్నాడు. మురుగునీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు.

"మన బతుకు ఉన్నదున్నట్టు సూపెట్టిండు. గసొంటి మనిషిని మొక్కాలె," అంటున్నాడు లింగం, మిషన్ మీంచి తల ఎత్తకుండానే.

"నువ్వు మొక్కు. నేను ఇంటికాడ ఆఫీస్ డ్యూటీ అని చెప్పుకుంటి పదేండ్లు. గాయిన నా ట్యాంకర్ ఎంబడి పడి తీసిండు. నా భార్య ఫోన్ చేసి, 'ఏమయ్యా, మీ ఆఫీసుకు గంత పెద్ద పైపున్నదేంది?' అనవట్టె."

దుకాణంలో అందరూ నవ్వారు.

"నీ అబద్ధం బయటపడ్డదని ఆయన మీద ఏడుస్తవేందిరా?" అన్నాడు లింగం.

"నాది అబద్ధమే, ఒప్పుకుంటున్న. నేనైతే ఎవని కొలువు తియ్యలే గద? గంగారాం మొఖం ఎట్ల బయటికొచ్చింది చెప్పు. సినిమాకు పేరు రావాలెనని ముందుగాల్నే వీడియో ఇడ్సిండు. దొర రాసిన ఉత్తరం సదువుకో, బుద్ధొస్తది." సత్తయ్య నా వైపు తిరిగాడు. "చెప్పుండ్రి దొరా. గప్పుడు గంగారాం దిక్కు నిలవడ్డది మీరొక్కరే గద?"

నేను చొక్కా తీసుకుని వచ్చేశాను.

గంగారాం మా ఊరివాడు. మా కంపెనీలోనే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే షటరింగ్ పని చేసేవాడు. వాళ్ళ నాన్న ఎల్లయ్య మా ఇంట్లో జీతగాడు. ఇక్కడ నేనూ గంగారాం ఒకే బస్సు, ఒకే కంపెనీ. నేను ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. పక్క సీటు ఖాళీగా ఉన్నా అతను వెనక్కి వెళ్ళేవాడు. కూర్చోమని నేను అనలేదు.

ఆ దర్శకుడికి ఒక పద్ధతి ఉండేది. ఒకడు మాట్లాడింది కాగితం మీద పెట్టాలంటే వాడి ఊరివాడే రాయాలి. పక్క జిల్లావాడు రాస్తే మాటను దిద్దేస్తాడని, దిద్దిన మాట చచ్చిన మాటని అనేవాడు. అందుకే గంగారాంను కెమెరా ముందు మాట్లాడించాక, ఆ ఊరి నుంచి చదువుకున్నవాడు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అందరూ నన్నే చూపించారు. కార్మికుల అర్జీలు, ఉత్తరాలు రాసేది నేనే. జనం నన్ను 'దొర' అంటుంటే అదొక మారుపేరు అనుకున్నాడు. ఇక్కడ ప్రతివాడికీ ఒకటి ఉంటుంది కదా. ఊరు అడిగాడు, ఇల్లు అడగలేదు. మా వైపు ఎవరైనా ముందు అడిగేది ఇల్లే.

పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పాడు. "ఇందులో గంగారాం ముఖం ఉంది. అది మీ కోసం, పెదాలు చూస్తే మాట సరిగ్గా పట్టుకుంటారని. సినిమాలో చేతులు మాత్రమే కనిపిస్తాయి. అతనికి మాటిచ్చాను."

సైట్ ఆఫీసులో, అందరూ భోజనాలకు వెళ్ళే వేళ, చెవుల్లో వైర్లు పెట్టుకుని మూడు రోజులు రాశాను. మొదటి రెండు రోజులు రాసినదాంట్లో గంగారాం పని గురించే మాట్లాడాడు. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాల్సిన వేళలో కూడా ఫోర్‌మన్ గేటు మూయించి లోపల పని చేయిస్తాడని చెప్పాడు. అది నిజమే. ఆ గంటలు నా పుస్తకంలో రాయకూడదని నాకు ఆదేశం ఉండేది. నేను రాయలేదు కూడా.

మూడో రోజు మా ఇంటి సంగతి వచ్చింది.

మా ఊరికీ బడికీ మధ్య వాగు ఉంది. వానాకాలం ఎల్లయ్య నన్ను వీపు మీద ఎక్కించుకుని దాటించేవాడు. ఒకరోజు అతనికి జ్వరం. నడి వాగులో కాలు జారింది. నాకేమీ కాలేదు, పుస్తకాల సంచి తడిసింది. మా తాత ఆ సంచిని ఎల్లయ్య మెడకు వేలాడదీయించి, పుస్తకాలు ఆరేదాకా ఎండలో నిలబెట్టాడు. గంగారాం అప్పుడు ఐదేళ్ళవాడు. గేటు కమ్మీల్లోంచి చూశాడట. అదంతా కెమెరా ముందు నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పాడు. చివర ఇలా అన్నాడు. "గప్పుడు చిన్న దొర నవ్విండు. నేను మర్వలే. అయినా గాయినది తప్పేం లేదు, చిన్న పోరడు. నా మనసుల ఏం లేదు."

వైర్లు తీసేశాను. మళ్ళీ పెట్టుకుని విన్నాను. ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

నేను నవ్వడం నాకు గుర్తుంది. మెడలో సంచితో, జ్వరంతో ఊగుతున్న మనిషిని చూస్తే నాకు గంగిరెద్దు గుర్తొచ్చింది. అందుకే నవ్వాను.

తాత పరువు కాపాడడానికే గంగారాం ముఖం బయటపెట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా? తాత గురించి అంతకన్నా ఘోరమైనవి మా ఊళ్ళో అందరికీ తెలుసు, వాటితో నాకెప్పుడూ నిద్ర పాడవలేదు. గంగారాం నన్ను తిట్టి ఉంటే భరించేవాణ్ణి. తిట్టేవాడు నన్ను పెద్దవాడిగా ఒప్పుకున్నట్టే లెక్క. కానీ అతను నన్ను క్షమించాడు. మా జీతగాడి కొడుకు, ముక్కూ మొహం తెలియని ప్రేక్షకుల ముందు, నేను అడగకుండానే, పిల్లవాడికి బెల్లం ముక్క ఇచ్చినట్టు నాకు క్షమాభిక్ష పెట్టాడు. అది మింగలేకపోయాను.

ఫోర్‌మన్ గేటు మూయిస్తాడని చెప్పిన రెండు నిమిషాలు వేరు చేశాను. ముఖం స్పష్టంగా కనిపించే ముక్క. ఊరికి వెళ్ళిపోయిన ఒకతను మా రూమ్‌లో వదిలేసిన సిమ్ ఒకటి ఉంది. ఆ నంబరు నుంచి కార్మికుల బస చూసుకునే క్యాంప్ బాస్‌కు పంపాను. తరవాత సిమ్ విరిచేశాను. భోజనాలు ముగిసేలోపే పని అయిపోయింది. చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. ఆకలిగా ఉండింది కూడా.

వారం తిరక్కుండా గంగారాం వీసా క్యాన్సిల్ అయింది. ఆ రెండు నిమిషాల ముక్క క్యాంపులో ఫోను నుంచి ఫోనుకు పాకి ఊరిదాకా వెళ్ళింది.

వెళ్ళే రోజు మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని నా రూమ్‌కు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"దొరా, మొఖం కనవడనియ్యనని ఒట్టేసిండు గద సినిమాయన. గిట్లెందుకు చేసిండు?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు.

"సినిమావాళ్ళ మాట నమ్మితే ఇట్లనే ఉంటది, గంగారాం," అన్నాను.

తల ఊపాడు. "అండ్ల మీ ఇంటి ముచ్చట గుడ చెప్పిన. మీరు విన్నరట. తప్పు వట్టకుండ్రి."

"పట్టలేదు."

"ఒక్క ఉత్తరం రాసియ్యుండ్రి. గింకొకణ్ణి గిట్ల ముంచొద్దు గాయిన. మీరు రాస్తే నలుగురు నమ్ముతరు."

రాశాను. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. పేదవాడి నమ్మకాన్ని అమ్ముకున్న కళాకారుడి గురించి, ఇచ్చిన మాట గురించి, పరువు గురించి రెండు పేజీలు. చదివి వినిపిస్తే గంగారాం కళ్ళు తుడుచుకున్నాడు. కింద సంతకం చేశాడు. వెళ్తూ వెళ్తూ చెయ్యి చాచాడు.

"ఊర్ల అయితే మీ చెయ్యి వట్టుకుందునా దొరా? మస్కట్ పుణ్యాన," అని నవ్వాడు.

షటరింగ్ చెక్కలు మోసి మోసి ఆ అరచెయ్యి బండబారి ఉంది. పట్టుకున్నాను. నేనే ముందు వదిలేశాను.

ఆ ఉత్తరం ఫొటో దేశాలు తిరిగింది. దర్శకుడి అభిమానులు నిలువునా చీలిపోయారు. సినిమాలో చేతులే చూపించాడు కదా అని కొందరు వాదించారు. అది పట్టుబడ్డాక వేసిన నాటకమని మిగతావాళ్ళు అన్నారు. ఇక్కడ సినిమా వేస్తామన్న తెలుగువాళ్ళు వెనక్కి తగ్గారు. నన్ను మాత్రం ఒక సభకు పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

దర్శకుడు నాకు ఒక్కసారే ఫోన్ చేశాడు. ఆ ఫుటేజీ తన దగ్గరా, నా దగ్గరా తప్ప ఇంకెక్కడా లేదని మెల్లగా అన్నాడు. నేను గొంతు పెంచాను. నేను ఎవరి మనవణ్ణో, ఎవరి కొడుకునో పేర్లతో సహా చెప్పాను. అలాంటి ఇంటివాణ్ణి అనుమానిస్తావా అని గద్దించాను. గంగారాం చెప్పిన కథలోని పేర్లు నా నోట వింటున్నాడని నాకప్పుడు తట్టలేదు. చివరికి "తప్పు నాదే. మీది ఏ ఇల్లో నేను అడగాల్సింది" అని పెట్టేశాడు. నా పేరు ఎక్కడా బయటపెట్టలేదు. ఎందుకు? గంగారాం మాటలను ఏ ఇంటివాడి చేతిలో పెట్టాడో నలుగురికీ చెప్పుకోలేకనేమో. నాకు అంతకన్నా తెలియదు. పెన్‌డ్రైవ్‌ను నేను సముద్రంలో పారేశాను. రాసిన నోటుబుక్కు చింపేశాను.

గంగారాంకు మళ్ళీ గల్ఫ్ వీసా రాలేదు. జగిత్యాల దగ్గర ఒక రైస్ మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్నాడట. సెలవు మీద వెళ్ళినవాళ్ళు కనిపిస్తే "దొర మంచిగున్నడా?" అని అడుగుతాడట. వాళ్ళు తిరిగొచ్చి ఆ మాట నాకు చెబుతారు. ఎల్లయ్య కొడుకు నన్ను అడిగాడని సంతోషంగా చెబుతారు.

ఇది చదివి నన్ను ఏమనుకున్నా అనుకోండి. క్షమించమని అడగను. ఒకసారి అడగకుండా దొరికిన దాన్ని నేనేం చేశానో చెప్పాను కదా. ఇంటిపేరు రాయకపోయినా, ఉత్తరం రాసిందెవరో హమ్రియాలో అందరికీ తెలుసు. ఈ కాగితాలు రేపు మధ్యాహ్నం లింగం దుకాణంలో ఇస్తాను. అతను పైకి చదువుతాడు, సత్తయ్య వింటాడు. ఆ తరవాత బస్సు దగ్గర వాళ్ళు నన్ను ఏమని పిలుస్తారో తెలియదు. పిలవకపోవచ్చు. రాస్తున్నంతసేపు మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్ళింది. ఏడేళ్ళలో దొరికింది అంతే.

ఒక సంగతి మిగిలింది. నా మాట నమ్మనివాళ్ళకు, గంగారాం మా ఇంటి సంగతి చెప్పిన ఆ ఫుటేజీ చూపిద్దామని దర్శకుడి గురించి ఆరా తీయించాను. ఆయన సినిమాలు మానేసి మూడేళ్ళయింది. కెమెరా, లైట్లు, గంగారాం మాటలన్నీ ఉన్న హార్డ్ డిస్కులు ఒక పెళ్ళి వీడియోల దుకాణానికి అమ్మేశాడు. వాళ్ళు అన్నీ చెరిపేసి, వాటిలో పెళ్ళిళ్ళు ఎక్కించుకున్నారు.