పాల కుక్కర్‌లో సైకిల్ చైను

1984 ఫిబ్రవరిలో నేను పుదుచ్చేరిలోని మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉన్న ఒక చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చార్జ్‌మన్‌గా చేరాను. ఆసుపత్రులకు కట్టుగుడ్డ తయారుచేసే యూనిట్ అది. చార్జ్‌మన్ అంటే ఫిట్టర్‌కు పైన, ఫోర్‌మన్‌కు కింద. యంత్రం ఆగితే తిట్లు తినేది అతనే, నడుస్తున్నంతసేపూ ఎవరికీ గుర్తుకు రానిదీ అతనే. అంతకుముందు పదకొండేళ్లు ఒక మిల్లులో ఫిట్టర్‌గా చేశాను కనుక నూనె, గ్రీజు, బేరింగుల గురించి నాకు తెలియనిది లేదనే ధీమా ఉండేది.

మావాళ్లు ఎన్నో తరాల కిందట పుదుచ్చేరిలో స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఫ్యాక్టరీ కాగితాల మీద ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను దిద్దుకున్నది రిటైరయ్యాకే. అక్షరాల్లో తప్పులుంటే వయసు చూసి మన్నించండి. విషయంలో మాత్రం తప్పులుండవు.

మా దగ్గర బట్టను తెల్లగా చలువ చేసి, ఆరబెట్టి, రోలర్ యంత్రంలో ఒత్తి, మడతల హాలుకు పంపేవాళ్లం. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని, బట్టను ఒడిలో పరుచుకుని, గజం గజం చూసి మడతపెట్టేవాళ్లు. వాళ్ల కోసం బల్లలు చేయించారు గానీ ఎవరూ వాడలేదు. ఒడిలో పెట్టుకుంటేనే నేత చేతికి తెలుస్తుందని వాళ్ల వాదన. అది నిజం కూడా. ప్రతి తానుకూ చూసినవాళ్ల పేరుతో ఒక చీటీ ఉండేది. గోరంత నల్లమచ్చ కనబడినా ఆ తాను రిజెక్టు. ఆసుపత్రికి పోయే గుడ్డ కాబట్టి అందులో రాజీ లేదు.

ఆ ఏడాది నవంబరులో మచ్చలు మొదలయ్యాయి. అన్నీ దాదాపు ఒకే చీటీ మీద వస్తున్నాయి. ఆ చీటీ ఎస్. సరోజది. ముదలియార్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చే తెలుగామె, మూడేళ్లుగా టెంపరరీ. భర్త దర్జీ. చూపు తగ్గి మిషను తొక్కడం మానేశాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. టెంపరరీ వాళ్లలో పర్మనెంటు చేసేవాళ్ల లిస్టు జనవరి ఆఖరున వేస్తారు. ఈలోగా మూడు మెమోలు వస్తే పేరు లిస్టులో ఉండదు. నవంబరులోనే ఆమెకు మొదటి మెమో వచ్చింది.

మచ్చలు యంత్రాలవా కాదా తేల్చి రాసిమ్మని మేనేజర్ నన్ను అడిగాడు. మా యంత్రాల్లో బట్టకు దగ్గరగా ఉండే భాగాలకు వాడేది రంగులేని వైట్ ఆయిల్. బట్ట మీద పడ్డా సబ్బు సోడాలో ఉడికిస్తే పోతుంది. మచ్చపడ్డ ముక్కల్ని అలాగే ఉడికించి చూశాను. పోలేదు. నలుపులో ఇనుప రజను కూడా కనబడింది. ‘మచ్చ యంత్రాల నుంచి పడినది కాదు’ అని రాసి, సంతకం పెట్టి, కింద హోదా కూడా రాసుకున్నాను. నా డిపార్ట్‌మెంటు కడిగిన ముత్యంలా బయటపడింది. యంత్రానిది కానప్పుడు మనిషిదే కదా అని మేనేజర్ లెక్కగట్టాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా రిపోర్టు ఆధారంగా సరోజకు రెండో మెమో వెళ్లింది.

ఇక్కడ మా సైకిల్ స్టాండు సంగతి చెప్పాలి. అక్టోబరులో ఆయుధపూజనాడు యంత్రాలతో పాటు పనివాళ్ల సైకిళ్లకు కూడా పూజ చేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. అన్నింటినీ తుడిపించి, హ్యాండిల్‌కు గంధం కుంకుమ పెట్టించి, చైన్లకు నూనె పోయించాను. ఆ నూనె రోలర్ యంత్రంలో మూసి ఉండే గేర్‌బాక్సు నుంచి దించిన పాత నూనె. చిక్కగా, నల్లగా ఉంటుంది. ఎటూ పారబోసేదే. అందరూ సంతోషించారు. వెంటనే వానలు పట్టుకోవడంతో ప్రతి నెలా మొదటి శనివారం ఈ ధర్మకార్యం కొనసాగించాను. ఒకరిద్దరు నన్ను మహారాజు అన్నారు కూడా. నేను కాదనలేదు.

డిసెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం నూనె డబ్బా పట్టుకుని సరోజ సైకిల్ దాకా వచ్చాను. పక్కనే కుళాయి దగ్గర ఆమె చీర కుచ్చిళ్లను సబ్బు పెట్టి రుద్దుతోంది. కుడివైపు అంచు పొడవునా నల్లటి గీత. సైకిల్‌కు చైను ఉండేదీ కుడివైపే. ఆమెది ఫ్రెంచివాళ్ల కాలం నాటి పాత సైకిల్. చైన్ కవర్ ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. చాప మీద కూర్చున్నప్పుడు ఆ కుచ్చిళ్లే మడతపడి ఒడిలోకి వస్తాయి. ఆ ఒడిలోనే తెల్ల బట్ట పరుచుకుంటుంది. డబ్బా నా చేతిలోనే ఉంది.

ఎప్పటినుంచి ఇలా అవుతోందని అడిగాను.

“ఆయుధపూజ కాడ్నించీ సార్.”

“మరి చెప్పలేదేంది నాకు?”

ఆమె కుచ్చిళ్లు పిండుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. “పూజనాడు పోసిన నూనె సార్ అది. దానిమీద యాడ పోయి కంప్లైంటు చెప్పేది? కూర్చునేముందు దినమూ కడుక్కుంటా ఉండాను. పోయేది పోతాది, మిగిలేది మిగుల్తాది.”

ఆ సాయంత్రమే మేనేజర్ దగ్గరికి వెళ్లాలని బయలుదేరి, మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాను. ఊరికే పోయి తప్పు నాది అంటే ఆమె చీర శుభ్రమవదు కదా, మందు చేతిలో పెట్టుకుని వెళ్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం భయం.

నూనె మానేస్తే సముద్రపు గాలికి చైను వారంలో తుప్పుపడుతుంది. మంచి నూనె పోసినా మా రోడ్ల దుమ్ముకు మూడు రోజుల్లో నల్లబడుతుంది. బజారులో దొరికే చైన్ కవర్ ఏదీ ఆ పాత సైకిల్‌కు సరిపోలేదు. రేకుతో చేయిస్తే పెడల్‌కు తగిలింది. చివరికి ముదలియార్‌పేటలో సైకిల్ షాపు పెట్టుకున్న మాణిక్యం అనే పెద్దాయన దారి చూపాడు. తన చిన్నతనంలో పందెం సైకిళ్ల చైన్లను కొవ్వొత్తి మైనంలో ఉడికించేవాళ్లనీ, చైను పట్టుకున్నా చేతికి ఏమీ అంటేది కాదనీ చెప్పాడు. ఎలా ఉడికించేవాళ్లో మాత్రం ఆయనకు గుర్తులేదు. అది నా వంతు అయింది.

మొదటి ఆదివారం ఇంట్లో కిరసనాయిలు స్టవ్ మీద అల్యూమినియం గిన్నె పెట్టి, నేరుగా మైనం కరిగించాను. కాసేపటికి తెల్లటి పొగ లేచింది. ఇంకొంచెం ఆగి ఉంటే అంటుకునేది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదని పదకొండేళ్ల ఫిట్టర్‌కు ఆ పొగ నేర్పింది. రెండోసారి పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టాను. నీళ్లు ఎగిరి మైనంలో పడి చిటపటలాడాయి. నీళ్లు చేరిన మైనం చైనులోకి పోతే లోపల తుప్పే.

అప్పుడు నా కళ్లు మా ఆవిడ విజయ పాల కుక్కర్ మీద పడ్డాయి. రెండు గోడల గిన్నె అది. గోడల మధ్య నీళ్లుంటాయి, మరిగితే ఈల వేస్తుంది. నీళ్లు నీళ్లచోట, మైనం మైనంచోట. నీళ్లు మరిగే వేడిని దాటి లోపలి సరుకు ఎన్నటికీ వేడెక్కదు కాబట్టి పొగకూ మంటకూ భయం లేదు. ఇంతకన్న మంచి పరికరం మా వర్క్‌షాపులోనే లేదు.

విజయ గడపలోకి వచ్చి చూసింది. “ఇదేంది, పాల కుక్కర్‌లో సైకిల్ చైనా? రేపు పాలు యాడ కాచేది?” అంది. సంగతంతా చెప్పాను, రిపోర్టు సంగతితో సహా. ఆమె కుక్కర్ కడిగి తెచ్చి నా ముందు పెట్టి, ఇక ఇది వంటింట్లోకి రాకూడదు అని మాత్రం చెప్పింది.

కుక్కర్ కుదిరినా మొదటి చైను కుదరలేదు. నా సొంత సైకిల్ చైనుతోనే మొదలుపెట్టాను. నాలుగు రోజులకు మైనం పొరలుగా రాలి, కింద నలుపు బయటపడింది. కారణం వెతికితే అదీ నా తొందరే. కిరసనాయిలుతో మాత్రమే కడిగాను. దాని జిడ్డు సన్నగా మిగిలి మైనాన్ని పట్టనివ్వలేదు. మచ్చలు పరీక్షించడానికి బట్టను ఉడికించిన సోడానీళ్లలోనే ఈసారి చైనును కూడా ఉడికించి, గుడ్డతో తుడిచి, మిద్దె మీద ఎండలో పెట్టాను. చైను లాక్ క్లిప్పు తీయడానికి కటింగ్ ప్లయర్ చాలు. వేలాడదీయడానికి విరిగిన స్పోక్ ఒకటి వంచుకున్నాను. మైనం తెల్లదే కావాలి, రంగు కొవ్వొత్తి అయితే దాని రంగు మళ్లీ చీరకు అంటుతుంది. మైనం చాలినంత వేడెక్కిందో లేదో చూడటానికి ఫ్యాక్టరీ థర్మామీటరును తిరిగి తెచ్చే షరతు మీద గేట్ పాస్ రాయించుకునే తెచ్చాను. చైను మైనంలో దిగగానే లింకుల్లోంచి బుడగలు వస్తాయి. అవి పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఆగాక స్టవ్ ఆర్పి, మైనం పైన మీగడలా పొర కట్టడం మొదలయ్యాకే చైను ఎత్తాలి. వేడిగా ఉన్నప్పుడే ఎత్తితే లోపలికి పోయిందంతా కారిపోతుంది.

సరోజ సైకిల్‌కు అలా రెండు చైన్లు సిద్ధం చేశాను, ఒకటి నడుస్తుంటే ఇంకొకటి ఉడికించుకునేలా. జనవరిలో వానలు వెనకపట్టాయి. పది రోజులు ఆమె ఆ చైనుతోనే వచ్చింది. ఆ పది రోజుల్లో ఆమె చీటీ మీద ఒక్క మచ్చ లేదు.

అప్పుడు రెండో రిపోర్టు రాశాను. మచ్చకు కారణం గేర్‌బాక్సు పాత నూనె, దానిని సైకిళ్లకు పోయించినది మెయింటెనెన్స్ చార్జ్‌మన్, చెకర్ ఎస్. సరోజ తప్పు ఏమీ లేదు అని. మేనేజర్ చదివి, సైకిల్ స్టాండుకు దిగివచ్చి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి చైనును రెండుసార్లు గట్టిగా తుడిచాడు. రుమాలును మడతలు విప్పి వెలుతురులో చూశాడు. నేనూ చూశాను. సరోజ మాత్రం రుమాలును చూడలేదు, ఆయన ముఖాన్నే చూసింది. ఆయన రుమాలును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

గదిలోకి పిలిచి, కావాలంటే మొదటి రిపోర్టు వెనక్కి తీసుకొమ్మన్నాడు. అది మంచితనంతోనే అన్నాడు. రెండు రిపోర్టులూ పక్కపక్కన ఉంటే ఎవరికైనా నా గురించి తెలిసిపోతుంది. కానీ మొదటిది పోతే ఆ మెమోలు ఎందుకు రద్దయ్యాయో కాగితం మీద ఉండదు. ఉంచమన్నాను. సరోజ మెమోలు రెండూ రద్దయ్యాయి, జనవరి లిస్టులో ఆమె పేరు వచ్చింది. నాకు రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చి సర్వీసు ఫైలులో చేరింది. మరుసటి ఏడాది ఖాళీ అయిన ఫోర్‌మన్ పోస్టు నాకు దక్కలేదు, దానికి మరో మూడేళ్లు పట్టింది. బాధపడలేదంటే అబద్ధం.

కుక్కర్‌ను సరోజకే ఇచ్చేశాను. తర్వాతి ఆయుధపూజనాడు నేను డబ్బాలో కొత్త నూనె పట్టుకుని, కావాలా వద్దా అని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లాను. సరోజ వద్దంది. ఆమె సైకిల్ పక్కన ఆ పాల కుక్కర్ గంధం కుంకుమ పెట్టుకుని కూర్చుని ఉంది.

నేర్చుకున్నది ఇది. మచ్చ మా యంత్రాలది కాదని రాశాను, అది నిజం. మాది కాదని చదువుకున్నారు, అది అబద్ధం. నన్ను అడిగింది యంత్రాల గురించే కావచ్చు, కానీ తేడా తెలియవలసినవాణ్ని నేను. ఆ తేడా తెలుసుకోవడానికి నా బల్ల దగ్గర్నుంచి సైకిల్ స్టాండు దాకా నడిస్తే సరిపోయేది. అది నలభై అడుగుల దూరం. అక్కడ నిజంగా కళ్లు తెరిచి చూసేసరికి ఆమెకు రెండు మెమోలు వచ్చేశాయి.