గింజలో లేని కారం

మా బజ్జీల బండి నల్లపాడు స్టేషన్ రోడ్డులో ఉంటుంది. పెట్టింది అమ్మ. సైన్సుకీ నాకూ పడక ఏడో తరగతి తప్పి బడి మానేశాక గరిటె నా చేతికొచ్చింది. రుచి చూసే పని మాత్రం ఆవిడ వదల్లేదు. రోజూ తొలి వాయిలో మొదటి బజ్జీ ఆవిడ తిని, తల ఊపితేనే అమ్మకం.

మొన్న ఎండాకాలంలో ఏవో మాత్రలు పడక అమ్మకు నోరు పూసింది. పూత తగ్గింది గానీ నాలుక కారాన్ని ఓర్చుకోవడం మానేసింది. అరవై ఏళ్ళు మిరపకాయతో కాపురం చేసిన మనిషి, బండి వెనక స్టూలు మీద కూర్చుని పెరుగన్నం తినేది. "ఇక నువ్వే చూసుకోరా" అంది ఓ సాయంత్రం. ఆ మాట నాకు నచ్చలేదు.

మా వైపు ఎవరినడిగినా కారం గింజలోనే అంటారు. అందుకని పుల్లతో ఒక్క గింజ లేకుండా దులిపి బజ్జీ వేసిచ్చాను. అమ్మ కొరికి, కళ్ళు తుడుచుకుంది.

"చంపేదేదో ఒకేసారి చంపరా" అంది.

మూడు రోజులు ఇదే వరస. రోజూ రైలు కోసం ఆగి పునుగులు తినే సైన్సు టీచరమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"కారం గింజలో కాదండీ. గింజలు అంటుకుని ఉండే తెల్ల పొరలో ఉంటుంది."

"మేడమ్, మేం మిరపకాయల్లో పుట్టాం."

"పుట్టారు సరే. నమలండి, చూద్దాం."

ఓ కాయ చీల్చి, గింజ ఒకటి తుడిచిచ్చింది. గడ్డిలా ఉంది. తర్వాత పొర ఇచ్చింది.

"దీనికి మార్కులేమైనా..." అంటుండగానే మాట పడిపోయింది. చెంబెడు నీళ్ళు తాగినా మంట తగ్గలేదు.

"కారం నీళ్ళలో కరగదండీ. పెరుగు తినండి."

అమ్మ తన గిన్నెలోంచి ఓ ముద్ద తీసి నా నోట్లో పెట్టింది. "ఏడో తరగతి మళ్ళీ తప్పావురా" అంది.

మర్నాడు చెంచా కాడతో పొరంతా గీకేసి, కాయల్ని కాసేపు మజ్జిగలో నానబెట్టి తుడిచాను. ఏటా చల్ల మిరపకాయలు పెట్టే ఇంట్లో పుట్టి ఈ సంగతి ఎందుకు తట్టలేదని ఎవరూ అడగలేదు. నేనూ ఆ ఊసెత్తలేదు.

తొలి వాయి దించి మొదటిది అమ్మకిచ్చాను. అప్పటికే నలుగురు వచ్చి నిలబడ్డారు. అమ్మ చిన్న ముక్క కొరికి ఆగింది. ఇంకో ముక్క కొరికింది. తొడిమ దాకా తినేసింది.

"ఇది మిరపకాయా, దొండకాయా?"

"నీ కోసం చేసిందమ్మా. మిగతావాళ్ళకి మిరపకాయే."

"పిండిలో ఉప్పు చాల్లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అమ్ముతున్నావురా?"

నేను ఉప్పు వేసి పిండి కలపడం మొదలుపెట్టాను. నిలబడ్డవాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"రెండు నెలలైందండి పెద్దమ్మా" అన్నాడు. "అబ్బాయి నొచ్చుకుంటాడని చెప్పలేదు."