ముక్కక్క పొగసీసా

ఆ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఇంజనీరు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే కాపలా తాత వరకూ అందరికీ ఆవిడ ముక్కక్కే. డెబ్బై ఏళ్ళవాడికి ఆవిడ అక్క ఎలా అయిందని ఎవరైనా అడిగితే, "ఆ ముక్కుకి వయసుతో పనేంటి?" అనేవాడు తాత.

ఫ్యాక్టరీలో చల్లదనమంతా పైపుల్లో తిరిగే అమ్మోనియాది. పైపులో ఉన్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. బయటికొచ్చిందా, కళ్ళు మండించి ఊపిరాడకుండా చేస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే పనివాళ్ళు లోపలికి వెళ్ళకముందు ముక్కక్క ఒక్కతే సుద్దముక్క పట్టుకుని వెళ్ళేది. నాలుగు గదులు, అరవైమూడు అతుకులు. ప్రతి అతుకు దగ్గరా వంగి, వాసన చూసి, బాగుంటే టిక్కు పెట్టేది. గోడకి ఒక అలారం ఉంది కానీ, గది సగం నిండితే గానీ దానికి మెలకువ రాదు. రోజంతా అక్కడే ఉండేవాళ్ళ ముక్కులు ఘాటుకి అలవాటు పడిపోయాయి. ముక్కక్క మాత్రం ఎక్కడో లీకుందని ఊరుకోకుండా ఫలానా అతుకు, ఫలానా బోల్టు అని వేలు పెట్టి చూపించేది. ఆ ముక్కు కోసం ఆవిడ మొహానికి పౌడరు మానేసింది. తనిఖీ అయ్యేదాకా కాఫీ ముట్టేది కాదు. మొగుడు ముచ్చటపడి కొన్న సెంటు సీసాని పక్కింటావిడకి ఇచ్చేసింది. పందొమ్మిదేళ్ళు ఇలాగే నడిచింది.

అలాంటి మనిషికి నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ఆ జ్వరం వాసనని కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, దానికి వీపు పెట్టి నిలబడి కూరలు తరుగుతూ ఉంది ముక్కక్క. ముందుగదిలో మిషను కుట్టుకుంటున్న మొగుడు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పాడు. డాక్టరు దగ్గరికెళ్తే, "వస్తే వస్తుందమ్మా, రాకపోతే లేదు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో!

ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ రోజూ లోపలికెళ్ళి, వంగి, ఏ వాసనా తెలియకుండానే టిక్కులు పెడుతూ పోయింది. ఇది తప్పే. సాకులు వెతకనక్కర్లేదు. పేరంటూ ఒకసారి వచ్చాక దాన్ని పోగొట్టుకోవడం ఎవరికైనా ప్రాణసంకటమే, అంతే.

మూడో గదిలో కప్పులకి మూతలు పెట్టే అమ్మాయి ఒకతె ఉంది. చేరి మూడు నెలలైంది. సరిగ్గా పైపు కింద ఆమె బల్ల.

"ఇక్కడ కళ్ళు మండుతున్నాయండీ" అంది ఫోర్‌మన్‌తో.

ఫోర్‌మన్ తలెత్తి అతుకు వైపు చూశాడు. సుద్దతో టిక్కు ఉంది. "ముక్కక్క టిక్కు పెట్టిందంటే లీకు లేనట్టే. నీ కళ్ళే బాగాలేవు. డాక్టరుకి చూపించుకో."

ఆ అమ్మాయి చూపించుకుంది. చుక్కల మందు వేసుకుంది. ఇంజనీరు సబ్బు మార్చమన్నాడు, మార్చింది. రాత్రిళ్ళు ఫోను చూడొద్దన్నారు, మానేసింది. అయినా ఎనిమిది గంటలకి బల్ల దగ్గర నిలబడితే పదింటికల్లా కళ్ళు ఎర్రబడేవి. "చూశావా అక్కా, నీ టిక్కునే అనుమానిస్తోంది!" అని ఫోర్‌మన్ నవ్వుతుంటే, ముక్కక్క దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుంది.

శనివారం ఇంటికొచ్చి మొగుడి ముందు కూలబడింది. "ఆ పిల్ల కళ్ళు నా మూలంగానే పోతాయేమోనండీ."

"చెప్పెయ్యి మరి."

"చెప్తే నేనెందుకు వాళ్ళకి? ముక్కు లేని ముక్కక్కని ఏం చేసుకుంటారు?"

"సరే, చెప్పకు. నిద్ర పడుతుందా?" అన్నాడాయన దారం కొరుకుతూ.

మర్నాడు ఆదివారం. జుట్టుకి రంగు వేసుకోవడం ఆయనకి వారం వారం ముచ్చట. బాత్రూంలో అద్దం ముందు రంగు గిన్నె పెట్టుకుని, తలంతా పట్టించి, మీసం ఒక పక్క పూర్తి చేశాడు. మనసు బాగాలేకపోతే ఇల్లు కడగడం ఆవిడ అలవాటు. ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని నేల మీద యాసిడ్ పోసింది. వాసన తెలియదు కనక కాస్త ఎక్కువే పోసింది. తలెత్తి చూస్తే ఏముంది!

"ఏవండీ! మీ నెత్తి మీంచి పొగొస్తోంది!"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ రోజు వచ్చింది. సగం మీసం నల్లగా, సగం తెల్లగా ఆయన దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ కిటికీ తెరిచి, నేల మీద బకెట్టుడు నీళ్ళు కొట్టి, రంగు డబ్బా మీద అక్షరాలు చదివింది. అందులో అమ్మోనియా ఉంది. యాసిడ్ సీసా మూతని గిన్నె దగ్గరికి తెచ్చింది. తెల్లటి పొగ లేచింది. దూరం జరిపింది. పొగ పోయింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ లేచింది.

"వాసన కనిపిస్తోందండీ!" అని ఆవిడ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

ఇక చూడాలి ఆవిడ హడావిడి. సాసు అయిపోయిన మెత్తటి ప్లాస్టిక్ సీసా కడిగి, అందులో కాస్త యాసిడ్ పోసి నొక్కింది. చుక్క ఎగిరి వెళ్ళి ఎవరిదో కొత్త చొక్కా గుడ్డ మీద పడింది, గుడ్డకి చిల్లు పడింది. "పైపు కూడా ఇలాగే తినేస్తుంది కదే!" అని తల పట్టుకున్నాడు మొగుడు. నిజమే. వెళ్ళాల్సింది యాసిడ్ కాదు, దాని ఆవిరి. దూదిని యాసిడ్‌లో తడిపి, బాగా పిండి, పుల్లతో సీసా అడుగుకి కూరింది. ఇప్పుడు నొక్కితే చుక్క రాలేదు, ఉత్త గాలే వచ్చింది. ఆ గాలి రంగు గిన్నెకి తగలగానే తెల్లటి పొగ. సాయంత్రం దాకా ఆయన గిన్నె పట్టుకుని ఒకసారి తలుపు వెనక, ఒకసారి మంచం కింద దాక్కోవడం, ఆవిడ సీసాతో వెతికి పట్టుకోవడం. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో వాళ్ళు అంతలా నవ్వుకున్న రోజు లేదు.

సోమవారం పొద్దున్న సీసాని సంచిలో పెట్టుకుని తనిఖీకి వెళ్ళింది. మొదటి గదిలో పొగ లేదు. రెండో గదిలోనూ లేదు. మూడో గదిలో, ఆ అమ్మాయి బల్లకి పైన ఉన్న అతుకు దగ్గర సీసా నొక్కింది. దారంలా తెల్లటి పొగ లేచి మెలికలు తిరిగింది. పొగ వెనకాల తన చేత్తో పెట్టిన టిక్కు కనిపిస్తోంది.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. టిక్కు చెరిపేసి బయటికెళ్ళి, "ఇవాళే నా ముక్కుకి తగిలింది" అంటే చాలు. పేరు ఎక్కడికీ పోదు, సీసా సంచిలోనే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చింది, దాచడమెందుకు? కానీ ఆ అమ్మాయి ఎర్రటి కళ్ళు కూడా గుర్తొచ్చాయి. తలుపు తీసి అందరినీ లోపలికి పిలిచింది.

ఇంజనీరు, ఫోర్‌మన్, మూతలు పెట్టే అమ్మాయి, ఆ వెనక ఇంకో పదిమంది. వాళ్ళందరి ముందూ సీసా నొక్కి చూపించింది.

"పైపు మీద యాసిడా!" అని ఉలిక్కిపడ్డాడు ఇంజనీరు.

"యాసిడ్ తగలదు సార్, ఆవిరే వెళ్తుంది. అమ్మోనియా ఉంటేనే పొగొస్తుంది. చెయ్యి పెట్టి చూడండి, తడి ఉండదు." ఆయన వేలితో తడిమి చూశాడు. తడి లేదు. వాల్వు కట్టెయ్యమని ఫోర్‌మన్‌కి చెప్పాడు.

ముక్కక్క అప్పుడు ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నెల్లాళ్ళ నుంచి నాకు వాసన తెలియట్లేదమ్మా. ఈ టిక్కులన్నీ అబద్ధం. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. పెద్దదాన్ని, నీకు అన్యాయం చేశాను. క్షమించు."

ఆ అమ్మాయి ముక్కక్క చేతిలోంచి సీసా తీసుకుని ఒక్కో అతుకు దగ్గరికీ తనే వెళ్ళింది. నాలుగు గదులూ తిరిగింది. ఇంకెక్కడా పొగ లేవలేదు. తిరిగొచ్చి సీసా ముక్కక్క చేతికిచ్చింది.

"మీరు నెల్లాళ్ళు దాచారు, నాకు కోపంగానే ఉందక్కా. కానీ మీకు వాసన పోయింది, తెలియలేదు. అది అర్థమైంది." అని ఫోర్‌మన్ వైపూ, ఇంజనీరు వైపూ తిరిగింది. "మీకందరికీ ముక్కులున్నాయి కదండీ. నేను ఇన్ని రోజులు మొత్తుకుంటుంటే ఒక్కరైనా నా బల్ల దగ్గరికొచ్చి వాసన చూశారా?"

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ చెయ్యి తనకి తెలియకుండానే వెళ్ళి ముక్కు తడుముకుంది.