మా హాల్లో వడ్డించని అన్నం

మా ముత్తాతగారు మూడు ఊళ్లకు మునసబు. మా తాతగారు ఆ వరసలో చివరివారు. ప్రభుత్వం మునసబుల్ని తీసేసిన తరవాత కూడా, పోయేదాకా ఆయన్ని మునసబుగారనే పిలిచారు. మా నాన్నగారు రెండుసార్లు సహకార సంఘానికి అధ్యక్షులుగా చేశారు. పి.గన్నవరం నుంచి అంబాజీపేట దాకా మా ఇంటిపేరు చెబితే బస్సులో సీటు ఖాళీ చేసేవారని మా అమ్మ అనేది. అందులో అతిశయం ఉందని నాకు తెలుసు. తెలిసినా, ఆ మాట గుర్తొస్తే కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటాను.

నేను ఫోన్లో వీడియోలు పెట్టి కొబ్బరినూనె అమ్ముతాను.

ఈ మాట రాయడానికి నాకేం సిగ్గులేదు. మా తరం వచ్చేసరికి పొలం పోయింది, తోటలో మూడొంతులు పోయింది, చేతిలో ఉన్న చదువు ఉద్యోగానికి పనికిరాలేదు. మిగిలిన తోటలో కాయ నాణ్యమైనది. దాన్ని లారీలకెక్కించి పరాయి రాష్ట్రానికి పంపేకన్నా ఎండబెట్టి, గానుగ ఆడించి, సీసాల్లో నింపి మా ఇంటిపేరుతో అమ్మడం నాకు గౌరవంగానే తోచింది. సిగ్గుపడవలసింది వేరే ఉంది.

మొదట్లో అమలాపురంలో రెండురోజుల శిక్షణ తరగతికి వెళ్లాను. పాఠం చెప్పినాయన నాకన్నా చాలా చిన్నవాడు. "సరుకు అందరి దగ్గరా ఉంటుందండి. కథ మాత్రం మీ దగ్గరే ఉండాలి. రోజూ ఉండాలి. నాలుగు రోజులు కనబడకపోతే జనం మిమ్మల్ని మర్చిపోతారండి" అన్నాడు. జనం మర్చిపోతారన్న మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరు. ఆ మాట నాలో దిగిపోయింది. ఆ మర్నాటి నుంచి ప్రతిరోజూ ఉదయం ఏడింటికి ఒక వీడియో పెట్టాను. జ్వరం వచ్చినా పెట్టాను. బావమరిది పెళ్లిలో పందిరి వెనక నిలబడి పెట్టాను.

ఫోను పట్టుకునేది మా ఆవిడ. నేను గంజిపెట్టిన లాల్చీ, పంచె కట్టుకుని హాల్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి.

"ఆ మెడ కాస్త వంచండి" అనేది. "నూనె అమ్ముతున్నారు. తగువు తీర్చట్లేదు."

కొన్ని నెలలపాటు చెప్పడానికి సరుకు ఉంది. చెట్టెక్కి కాయల దింపు ఎలా దింపుతారో చూపించాను. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లున్నాయో, ఎండుకొబ్బరి గుండు చిప్పను వదిలి కదులుతోందో ఎలా తెలుసుకోవాలో చూపించాను. గానుగ తిరగడం, నూనె తేరడం, సీసా మూత బిగించడం అన్నీ అయ్యాయి. కొబ్బరి గురించి ఒక మనిషి ఎన్ని మాటలు చెప్పగలడు? వర్షాకాలం వచ్చేసరికి నా దగ్గర మాటలు అయిపోయాయి.

అప్పుడు మా తాతగారిని పట్టుకున్నాను.

ఆయన చేతికర్ర గురించి ఒకరోజు చెప్పాను. చూసినవాళ్ల సంఖ్య నూనె వీడియోలకన్నా ఎక్కువ. తరవాత ఆయన గొడుగు, ఆయన భోజనం, ఆయన ఎవరితో ఎలా మాట్లాడేవారో. "అలాంటి మనుషులు ఇప్పుడెక్కడున్నారండీ" అని కింద రాసేవారు. ఆ మాట చదివాక రోజంతా తేలికగా ఉండేది. నూనె కూడా కదిలేది. అలా ఆయన జీవితాన్ని రోజుకు కాస్త చొప్పున ఖర్చుపెడుతూ తుపాను దగ్గరకు వచ్చాను.

ఆ తుపాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. జరిగింది నాకు బాగా గుర్తుంది కాబట్టి ముందు అదే రాస్తాను. మధ్యాహ్నం నుంచి గాలి పెరిగింది. పొద్దుగూకేసరికి పేటలో పాకలన్నీ లేచిపోయాయి. పేటంటే మా పొలాల్లో పనిచేసే కుటుంబాలు ఉండే చోటు. వాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని మా దొడ్డిగుమ్మం దగ్గరకు వచ్చారు. మా తాతగారు పెరటి వసారాలోకి వచ్చి చూసి, "సావిడిలోకి పొమ్మనండి" అన్నారు. గొడ్ల సావిడి అది. పైన పెంకులున్నాయి గాని రెండువైపులా గోడ లేదు. మా హాల్లో నూరుమంది పడుకోవచ్చు. ఆ సాయంత్రం అందులో మేం ఎనిమిదిమందిమి ఉన్నాం. నేను మా పెదనాన్నగారి పిల్లలతో నేలమీద గీసుకుని అష్టాచెమ్మా ఆడాను. వేడిపాలు తాగాను. వాళ్లను లోపలికి రానివ్వాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు గుర్తులేదు. హాలు గడప దాటే అలవాటు వాళ్లకు లేదు, దాటించే అలవాటు మాకు లేదు. తెల్లారాక మా నాయనమ్మ పెద్ద గుండిగతో అన్నం వండించి పెరట్లోకి పంపింది. అరిటాకుల్లో తిన్నారు. మా తాతగారు అటు వెళ్లలేదు.

మొదటి వీడియోలో "తుపానులో పేటంతా మా ఇంట తలదాచుకుంది, మావాళ్లు అన్నం పెట్టారు" అన్నాను. సావిడి మా ఇంటి ఆవరణలోదే కదా అని సర్దుకున్నాను. కొన్ని వారాలకు మాటలు మళ్లీ అయిపోతే ఆ కథే మళ్లీ చెప్పాను. ఈసారి వాళ్లు హాల్లోకి వచ్చారు. మూడోసారి మా తాతగారు లాల్చీ చేతులు పైకి మడిచి తానే వడ్డించారు. వడ్డిస్తూ, "ఈ పూట ఈ ఇల్లు మీది" అన్నారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. కెమెరా ముందు నోట్లోకి వచ్చింది, అన్నాను.

మా ఆవిడ ఫోను దించింది. "ఆగండి. మీ తాతగారికి ఈ వారం ఇంకో మంచి గుణం వచ్చిందా?"

"రోజూ ఏదో ఒకటి పెట్టాలి కదా."

"పెట్టండి. ఇంకో ఏడాది ఇలాగే పెడితే ఆయనకు గుడి కట్టొచ్చు."

అంది గాని ఫోను మళ్లీ ఎత్తింది. ఆ వీడియో నేను ఎరగని ఊళ్లకు పోయింది. కార్తీకమాసం దగ్గర పడుతోంది. దీపాలకు నూనె కావాలని హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి అడగడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం చర్చి వదిలిన వేళకు స్కూటీ మీద ఒకావిడ వచ్చింది. కొత్తపేట దగ్గర బడిలో టీచరు. వాళ్ల నాన్న మా పొలంలో పనిచేసినవాడు. ముందుగుమ్మంలోంచి నేరుగా లోపలికి వచ్చి, నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. నేను చెప్పకుండానే కూర్చుందని నేను గమనించాను. అది కూడా రాయాలి.

"నూనె కోసమాండీ?" అన్నాను.

"కాదండి. మీ తుపాను వీడియో గురించండి. మేమంతా మీ హాల్లో పడుకున్నామని చెప్పేరు కదండీ." నాలుగువైపులా చూసింది. "ఇదేనాండీ ఆ హాలు? బాగుందండి. ఇదే మొదటిసారి చూడ్డం."

మా ఆవిడ కాఫీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

టీచరుగారు గొంతు పెంచలేదు. "అప్పుడు నాకు ఎనిమిదేళ్లండి. మా తమ్ముడికి మూడు. గాలికి ఎగిరిపోతామని మా అమ్మ మా ఇద్దర్నీ చీరకొంగుతో తన ఒంటికి కట్టేసుకుని, సావిడిలో మీ గేదెల మధ్యన నిలబడిందండి. తెల్లారేదాకా కూర్చోలేదు. ఆవిడ జీవితంలో చెప్పుకోడానికి గొప్పగా ఉన్నది అదొక్కటేనండి. మా పిల్లలకి అన్నం పెట్టినప్పుడల్లా చెప్పేది."

"నాకు గుర్తుందండి" అన్నాను.

"గుర్తుందాండీ? అయితే మరీ మంచిది." కాఫీ అందుకుంది, తాగలేదు. "మొన్న మా చిన్నది ఏమందో తెలుసాండి? 'అమ్మమ్మా, నువ్వన్నీ కోతలు కోస్తావు. ఆయన ఫోన్లో చెప్పేరు, హాల్లో కూర్చోబెట్టి అన్నం వడ్డించేరని' అంది. మా పెద్దాడు ఆ వీడియో పెట్టి ఆవిడకే చూపించేడండి. అప్పట్నుంచి మా అమ్మ ఆ మాటెత్తడం మానేసింది. తన ఇంట్లో తనే అబద్ధాలకోరు అయిపోయిందండి."

నేనప్పుడు అన్నమాట మార్చకుండా రాస్తాను. "మావాళ్లు అన్నం పెట్టిన మాట నిజమే కదండీ" అన్నాను.

"ఆయ్. పెట్టేరు. తిన్నాం. కాదనట్లేదండి. ఎక్కడ తిన్నామో చెప్పమంటున్నాను, అంతే. మీ తాతగార్ని తిట్టక్కర్లేదు. జరిగింది మీ నోటితో చెప్పండి. మా పిల్లలు మీ నోటినే నమ్ముతున్నారు మరి."

ఈ వారంలోనే పెడతానని మాటిచ్చాను. మా ఇంట్లో మాటిచ్చి తప్పినవాళ్లు లేరని కూడా అన్నాను. ఆవిడ తాగని కాఫీ పక్కన పెట్టి లేచింది.

మంగళవారం ఆ వీడియో తీశాం. హాల్లోనే, అదే కుర్చీలో. సావిడి గురించి, అష్టాచెమ్మా గురించి, పాల గురించి చెప్పాను. మా ఆవిడ ఈసారి మెడ వంచమని అనలేదు.

బుధవారం ఉదయం ఏడింటికి కొబ్బరి ఎండబెట్టే వీడియో పెట్టాను. నిజం చెప్పిన దాంట్లో వెలుతురు చాలలేదనుకున్నాను. గురువారం, ఒకచోట మాట తడబడ్డాను, మళ్లీ తీయాలనుకున్నాను. శుక్రవారం సాకు కూడా వెతుక్కోలేదు. కార్తీకం మొదలైంది. సీసాలు రోజూ వెళుతున్నాయి. ఈ నెల దాటనీ అనుకున్నాను. ఆ నెలంతా ఒక్కరోజు తప్పకుండా ఏడింటికల్లా ఏదో ఒక వీడియో ఇచ్చాను. అమలాపురంలో పాఠం చెప్పినాయన చూసి ఉంటే సంతోషించేవాడు.

కార్తీకం రెండోవారంలో తుపాను వీడియో కింద టీచరుగారు ఒక వాక్యం రాసింది. "సావిడి సంగతి కూడా చెప్పండి." అంతే. తిట్టు లేదు, మా ఎవరి పేరూ లేదు. దాన్ని నేను తీసేశాను. వేలితో ఒకసారి నొక్కితే పోయింది. దొడ్డిగుమ్మం దగ్గర మా తాతగారు కనీసం ఎటు వెళ్లాలో చెప్పారు. నేను అదీ చెప్పలేదు.

ఆ పని ఎవరూ చూడలేదనుకున్నాను. మర్నాడు సీసాలకు కాగితం చుడుతూ మా ఆవిడ అంది: "ఆవిడ రాసింది కనబడట్లేదే?"

"ఏమో."

"ఏమో కాదు. మీరు తీసేశారు." ఇంకో సీసా అందుకుంది. "ఇప్పటిదాకా మీ తాతగారి మీద అబద్ధాలాడారు. ఆయన పోయారు, ఆయనకేం. ఆ ముసలావిడ బతికుందండీ. రోజూ ఆ పిల్లల మధ్యన కూర్చుని అన్నం తింటోంది."

నిజం చెప్పిన వీడియో ఆ రోజే పెట్టానని రాయగలిగితే బాగుండేది. కార్తీకం అయ్యాకే పెట్టాను. సీసాలన్నీ వెళ్లాకే పెట్టాను. అప్పుడు పాతవి మూడూ తీసేశాను. కొత్తదాన్ని చాలా తక్కువమంది చూశారు. ఒకాయన మా తాతగారిని తిట్టాడు. ఇంకొకాయన, పెద్దల పరువు బజారున పెట్టానని నన్ను తిట్టాడు. మొదటి తిట్టుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. నేనింకా మారలేదని దాంతో తెలిసింది.

ఆ సాయంత్రం పేటకు వెళ్లాను. మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. ఆ వీధిలోకి నేను అంతకుముందు వెళ్లలేదు. టీచరుగారిది మంచి డాబా. అరుగు మీద వాళ్లమ్మ కొబ్బరాకు ముందేసుకుని చీపురుకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"చినబాబుగారా! రండి, రండి. ఒసేయ్, కుర్చీ తీసుకురావే!"

లేవొద్దన్నాను. మాట వినకుండా లేచి నిలబడింది. నేను కూర్చునేదాకా నిలబడే ఉంది.

పిల్లలిద్దర్నీ పిలిచి ఫోను వాళ్ల చేతికిచ్చాను. వాళ్లు మొత్తం చూశారు. వెనక తలుపు దగ్గర టీచరుగారు చేతులు కట్టుకుని నిలబడింది. కార్తీకం మాట ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చిన్నపిల్ల తల ఎత్తి, "అయితే అమ్మమ్మ చెప్పిందే నిజమాండీ?" అంది.

"నిజం. నేను చెప్పింది అబద్ధం."

"ఎందుకు చెప్పేరండీ మరి?"

నేను నోరు తెరిచేలోపే పెద్దాడు వాళ్ల అమ్మమ్మ కేసి తిరిగి, "రాత్రంతా నిలబడే ఉన్నావా? నిజంగా?" అన్నాడు.

"మరి? ఎక్కడ కూర్చుంటాన్రా, గేదె మీదా?" అంది ఆవిడ. పిల్లలు నవ్వారు. ఆవిడ ఫోను వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఈనె నోట పట్టుకుని, చేతులు దులుపుకుని, దాన్ని తీసి నాతో అంది: "బాబుగారూ, ఆ సావిడి ఉందాండీ ఇంకా? రేపు వీళ్లని తీసుకొచ్చి చూపిస్తాను. ఎక్కడ నిలబడ్డానో చూపిస్తాను. కళ్లతో చూస్తే ఇంక ఫోన్లో ఎవరేం చెప్పినా నమ్మరు."

"లేదండి" అన్నాను. ఆవిణ్ణి అండీ అని అనడం అదే మొదలు.

గానుగ కొనడానికి రెండేళ్ల కిందట దాన్ని పడగొట్టించి, పెంకులు, దూలాలు విడిగా అమ్మి, స్థలాన్ని అంబాజీపేట కొబ్బరి వ్యాపారికి అమ్మేశాను.