కలిదిండి అని నింపిన షీటు

2022 జనవరి. ఏలూరులో ఒక కాలేజీ హెర్బేరియానికి నేను కీపర్‌ని. హెర్బేరియం అంటే మొక్కల్ని పేపర్ల మధ్య నొక్కి, ఎండబెట్టి, అట్టలకు కుట్టి దాచే గది. ఒక్కో అట్టను షీటు అంటాం. దాని కుడివైపు కింది మూలన లేబుల్ ఉంటుంది: మొక్క పేరు, కోసిన ఊరు, కోసినవారి పేరు. నాఫ్తలీన్ ఉండల వాసనకు జడిసి లెక్చరర్లు కూడా గడప దగ్గరే ఆగి మాట్లాడి వెళ్ళిపోయేవారు. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండానే తాళం వేసి ఇంటికి వెళ్ళేదాన్ని.

అలాంటి గదికి తణుకు నుంచి రూతు వచ్చింది. రీసెర్చ్ స్కాలర్. సలాడ్లలో వేసే లెట్యూస్‌కు చుట్టమైన అడవి లెట్యూస్, తుంచితే పాలు కారే మొక్క, ఈ చుట్టుపక్కల ఎక్కడెక్కడ దొరికిందో రికార్డులు చూడాలంది. మా దగ్గరున్నది ఒకే ఒక్క షీటు. అయినా పాత రిజిస్టర్లు తిరగేస్తూ పది రోజులు వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. ఆ పది రోజులూ నాకు పండగే.

ఒకరోజు లేబుల్ చూస్తూ అడిగింది. "ఏవండీ మేడమ్, ఊరి పేరొక్కటే వేరే చేతిరాతలో ఉందండి. ఇది కలిదిండిదేనంటారా?"

ఆ చేతిరాత నాది. రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఊరి గడి ఖాళీగా వదిలితే తీసుకునేది కాదు. కట్టలో దీనికి పైనా కిందా ఉన్న షీట్లు కలిదిండివి. ఇదీ అక్కడిదే అయ్యుంటుందని లేబుల్‌లోనూ నింపేశాను. ఇప్పుడు తెలియదంటే ఆమెకు ఈ షీటుతో పనిలేదు, రేపటినుంచి ఈ గదితోనూ పనిలేదు.

"అక్కడిదేనమ్మా. నాకు తెలుసు" అన్నాను.

కలిదిండి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది. మడమలు బొబ్బలెక్కి ఉన్నాయి.

"చెరువు గట్లన్నీ తిరిగేనండి. ఒక్క మొక్కయినా లేదండి. చేపల చెరువులు తవ్వేక కలిదిండిలో ఇది అంతరించిపోయిందని థీసిస్‌లో రాసేస్తానండి."

అక్కడ ఎప్పుడైనా ఉందో లేదో తెలియని మొక్కకు చావు కబురు రాయబోతోంది. రేపెవరైనా నిలదీస్తే తలదించుకోవలసింది ఆమె. ఇక దాచలేక చెప్పాను.

"రూతూ, ఆ ఊరు నేను ఊహించి రాసిందమ్మా."

ఆమె షీటు ముందుకు లాక్కుని, లెన్స్ తీసి వేరు చూసింది. "ఎర్రమట్టండి. కలిదిండిది నల్లమట్టి కదండీ."

"కామవరపుకోట వైపుదేమో" అన్నాను.

"మళ్ళీ ఊహేనాండీ?" అంది, మెత్తగానే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఏడు పూత కాలం అప్పటికే అయిపోవచ్చింది, ఇక ఆమె వెతకాలంటే మరుసటి ఏడే. భోజనానికి కూర్చోమంటే బస్సుందని వెళ్ళిపోయింది.

మా పనిలో పాత లేబుల్ చెరపకూడదు. పక్కనే కొత్త చీటీ అంటించి, తేదీ వేసి సంతకం చేయాలి. "ఊరు తెలియదు. కలిదిండి అని నింపింది నేనే. వేరుకు ఎర్రమట్టి ఉంది" అని రాశాను. తెలియదని రాయడం కూడా కీపర్ పనేనని ఇన్నేళ్ళ సర్వీసులో అప్పుడు నేర్చుకున్నాను.

మరుసటి ఏడు ఆన్‌లైన్‌లో రూతు రికార్డు కనిపించింది. మెట్టలో మొక్క దొరికింది. ఊరు, పొలం గట్టు, మట్టి రంగు, అన్నీ రాసింది. షీటు మాత్రం వేరే కాలేజీ హెర్బేరియానికి ఇచ్చింది. దాన్ని చూడాలని ఉంది. వెళ్ళి అడిగే ముఖం లేదు.