మా వదిన, ఆమె ఫొటోల పెట్టె

బడికి బయలుదేరి చెప్పులేసుకుంటుంటే తెనాలి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. పొద్దున్నే ఫోన్ చేసే అలవాటు ఆయనకు లేదు. "మీ వదిన పోయిందిరా," అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. లేచాక పప్పు నానబోస్తానందట. మళ్ళీ లేవలేదు.

గుండె బలహీనంగా ఉందని ఏడాదిగా మందులు వాడుతోంది. కాబట్టి ఊహించని కబురేం కాదు. అయినా బాపట్ల నుంచి తెనాలి దాకా రైల్లో తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను. సీట్లు ఖాళీగా ఉన్న సంగతి దిగాక గానీ తట్టలేదు.

మా వదిన టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. చాలాకాలం రేపల్లెలో, చివరికి తెనాలిలో. ఫోన్లు మూగబోయాయని జనం చెప్పేది విని, తీగ ఎక్కడ తెగిందో కూర్చున్నచోటు నుంచే పరీక్ష చేసి, లైన్‌మన్లను అక్కడికి పంపడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు ఒకటి చివరిదాకా వదల్లేదు. ఇంట్లో ఏది ఆగిపోయినా "పాడైపోయింది" అంటే ఒప్పుకునేది కాదు. "పాడైందని నాకు చెప్పకు. ఏం చెయ్యట్లేదో చెప్పు," అనేది. మిక్సీకైనా అదే మాట, మోకాలి నొప్పికైనా అదే మాట. ఒకసారి మా ఆవిడ ఫోన్లో, "మా వాడు పాడైపోతున్నాడక్కా," అని ఏడ్చింది. వదిన ఆ ప్రశ్నే వేసింది. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "పొద్దున్నే లేవట్లేదు," అంది.

"ఇంకా?"

ఇంకేమీ లేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను లెక్కల మాస్టారిని. నాకు లెక్కలు రావండీ అని నిలబడే పిల్లల్ని, ఏ మెట్టు దాకా వచ్చిందో చెప్పమని అడగడం నేను నేర్చుకున్నది ఏ శిక్షణలోనూ కాదు, మా వదిన దగ్గరే.

ఆమె రిటైరైన ఏడాది వానలకు అటక మీదున్న మా అమ్మ ఫొటోల ఆల్బమ్ తడిసి అట్టకట్టింది. పేజీలు విడదీయబోతే మొహాలు ఊడి అవతలి పేజీకి అంటుకున్నాయి. అత్తగారి మొహం తన వేలికి అంటుకుని వచ్చిందని వదిన ఆ పూట అన్నం తినలేదు. తర్వాత కొన్నాళ్ళు ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి, ఒకరోజు నాకు ఫోన్ చేసి పాత కంప్యూటర్ ఒకటి చూడమంది. సూర్యలంక వైపు రొయ్యపిల్లల హేచరీ వాళ్ళు ఆఫీసు సామాను మారుస్తుంటే, వాళ్ళు తీసేసిన కంప్యూటర్ ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చాను. అందులో నాలుగు హార్డ్ డిస్కులు బిగించింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలూ వాటంతటవే వచ్చి చేరేట్టు చేసింది. జనం దాన్ని సర్వర్ అంటారు. వదిన "పెట్టె" అనేది. అన్నయ్య "మా ఆవిడ రెండో సంసారం" అనేవాడు.

ఇవన్నీ ఇంటర్నెట్ కంపెనీల వాళ్ళ దగ్గర దాచుకోవచ్చుగా వదినా అంటే, "నా గడప దాటిపోయిన వస్తువు బాగోగులు నేనెట్లా చూస్తానయ్యా?" అనేది.

పెట్టె విప్పే ముందు చేతులు కడుక్కుని తుడుచుకునేది. ఒంట్లో ఉండే కరెంటు ముందు ఇనుములోకి పోవాలని కిటికీ ఊచ ఒకసారి పట్టుకునేది. ఊడదీసిన మరలు పోపుల డబ్బాలోని చిన్న గిన్నెల్లో, ఏ రకానికి ఆ గిన్నె. జీలకర్రలో స్క్రూ వచ్చిందని అన్నయ్య ఒకసారి కంచం ముందు నుంచి లేచిపోయాడు. "ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలీదు," అని నాకెన్ని సార్లు చెప్పిందో.

పక్కింటి వాళ్ళ ఫొటోలు, వాళ్ళ వియ్యాలవారి ఫొటోలు కూడా మెల్లగా ఆ పెట్టెలోకి చేరాయి. ధనలక్ష్మివీ చేరాయి.

వదినను ఆఖరిసారి చూడటానికి వచ్చిన చుట్టాలు ఆ రోజు నన్ను ధనలక్ష్మి గురించే అడిగారు. ఐసు పెట్టె పక్కన నేలమీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, వదిన పాదాల వైపు అద్దం మీద చెయ్యి వేసి సాయంత్రం దాకా ఉందామె. ఎవరని చెప్పను? రేపల్లెలో వదిన గుమ్మంలోకి చేపలు తెచ్చిన మనిషి అని చెప్పాను. అది సగమే.

ధనలక్ష్మిది రేపల్లె దాటాక సముద్రం దగ్గరి ఊరు. వదిన రేపల్లెలో ఉన్నన్నాళ్ళూ ఆమె దగ్గరే చేపలు కొంది. వదిన తెనాలి వచ్చేశాక ధనలక్ష్మి కూడా తట్టతో రైలెక్కి తెనాలి దాకా రావడం మొదలుపెట్టింది. అమ్ముకున్నాక మా అన్నయ్యగారి వరండాలో కూర్చుని టీ తాగి వెళ్ళేది. ఫోన్ నిండిపోయిందంటే వదిన అందులోని ఫొటోలు, వీడియోలు పెట్టెలోకి ఎక్కించి ఖాళీ చేసి ఇచ్చేది.

ఒక తుఫానులో ధనలక్ష్మి భర్త వెళ్ళిన పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు. అతను చేరలేదు. అతను కదులుతూ మాట్లాడుతూ ఉన్న వీడియో ఒక్కటంటే ఒక్కటే ఉంది. అప్పటికే పెట్టెలోకి వచ్చేసింది కాబట్టి మిగిలింది. ధనలక్ష్మి ఫోన్ తర్వాత రేవులో నీళ్ళపాలైంది. "నా దగ్గరుంటే పోదులే," అని వదిన ఆమెకు మాటిచ్చింది.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో పెట్టె మొండికేసింది.

నేను సెలవులకు తెనాలిలోనే ఉన్నాను. ఫోన్లో ఫోల్డర్ తెరుచుకుంటోంది గానీ ఫొటోలు రావడం లేదు. కాసేపటికి పెట్టే కనబడకుండా పోతోంది. "ముసలిదైపోయింది, కొత్తది కొనుక్కో," అన్నాడు అన్నయ్య. వదిన ముందు దేన్నీ ముట్టుకోలేదు. వైఫై తప్పేమోనని లాప్‌టాప్‌ని తీగతో నేరుగా పెట్టెకు కలిపి చూసింది. తేడా లేదు. పెట్టె తన గురించి తాను చెప్పుకునే పేజీ ఒకటుంది. మూడో డిస్కు వస్తూ పోతూ ఉందని అందులో కనబడింది. బజార్లో కంప్యూటర్ షాపు అబ్బాయి అది చూసి, "డిస్కు పోయిందండి, మార్చాల్సిందేనండి," అన్నాడు. మార్చాం. సాయంత్రానికి కొత్త డిస్కూ మాయమైంది.

"కొత్తది కూడా పోయిందా? ఏదో తేడాగా ఉందే," అంది వదిన. పోయిందన్న పాత డిస్కును మొదటి చోట పెట్టి, మొదటి చోట బాగా పనిచేస్తున్న దాన్ని మూడో చోట పెట్టింది. ఈసారి పాతది హాయిగా తిరుగుతోంది. నిన్నటిదాకా బాగున్నది మాయమైంది.

"చూశావా, మనిషి మంచివాడే. కూర్చున్న చోటు మంచిది కాదు."

మూడో చోటికి కరెంటు తెచ్చే తీగ ఊడదీసి, నా ఫోన్ లైటు కింద పెట్టి చూసింది. లోపలి ఇత్తడి ముక్క పచ్చగా చిలుమెక్కి ఉంది. ఆ కంప్యూటర్ హేచరీలో ఏళ్ళ తరబడి పీల్చింది ఉప్పుగాలి. తీగ మార్చగానే నాలుగు డిస్కులూ నిలబడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. వదిన కొట్టలేదు. లోపలి ఫైళ్ళన్నిటినీ ఒకసారి సరిచూసుకోమని పెట్టెకు పని అప్పజెప్పింది.

మర్నాడు ఫలితం వచ్చింది. ఒక డిస్కు పోతే అందులోది మిగతా మూడూ కలిసి పూరించుకుంటాయి. కానీ మూడోది వస్తూ పోతూ ఉన్న రోజుల్లోనే నాలుగో డిస్కులో అక్కడక్కడా చదవలేని మచ్చలు పడ్డాయి. ఒకేచోట రెండు గండ్లు పడితే పూరించేది లేదు. అలా చెడిన వాటి పేర్లు తెరమీద కొన్నే వచ్చాయి. ఎవరి బారసాలలోనో తీసిన ఫొటోలు. అన్నయ్య దొడ్లో పూసిన పూలు. వాటి కింద ధనలక్ష్మి భర్త వీడియో.

"బాపట్లలో మీ ఇంట్లో కాపీ ఉందిగా," అంది వదిన నెమ్మదిగానే. పెట్టెలోని ముఖ్యమైనవన్నీ రోజూ మా ఇంట్లోని ఇంకో డిస్కులోకి కాపీ అయ్యే ఏర్పాటు ఆమే చేసింది. మా ఆవిడకు ఫోన్ చేసి తెరవమన్నాం. ఫోల్డర్ ఉంది. లోపల ఏమీ లేదు.

కారణం కనుక్కోవడానికి వదినకు ఎంతోసేపు పట్టలేదు. ఎండాకాలంలో ఆమే "రేపల్లె" అనే ఫోల్డర్‌లోవన్నీ "ధనలక్ష్మి" అనే కొత్త ఫోల్డర్‌లోకి మార్చింది. కాపీ చేసే ఏర్పాటు మాత్రం పాత పేరునే చూస్తోంది. ఇక్కడ ఖాళీ, కాబట్టి అక్కడా ఖాళీ చేసింది. రెండూ ఒకటే కాబట్టి రోజూ అంతా సవ్యమని కబురు పంపుతోంది.

వదిన కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. "కబురు చూసుకున్నానే గానీ, ఒక్కసారి తెరిచి చూళ్ళేదయ్యా," అంది. "తప్పు పెట్టెది కాదు. నాది."

ఆ తర్వాత వారమంతా ఆమె వేరే పని పెట్టుకోలేదు. చదవగలిగినంత చదివి, చదవలేనిచోట దాటేసే ప్రోగ్రామ్ ఒకటి తెచ్చి ఆ వీడియోని ముక్కముక్కగా బయటికి తీసింది. తీసింది గానీ ఆడలేదు. అదే ఫోన్‌తో తీసిన, ఎండుచేపల వీడియో ఒకటి బాగున్నది ఉంది. ఆ ఫోన్ వీడియోని ఏ వరసలో రాస్తుందో దాన్ని చూసి నేర్చుకుని, చెడినదాన్ని అతికే ప్రోగ్రామ్ ఇంకోటి దొరికింది. చివరికి ఆడింది. కొంత దూరం బొమ్మ బాగానే వచ్చి బిగుసుకుపోయింది. గొంతు మాత్రం ఆగకుండా చివరిదాకా వచ్చింది.

"ఇప్పుడే చెప్పకు. ఆమె అడిగిందా పెట్టిందా?" అన్నాడు అన్నయ్య.

"అడిగేదాకా ఉంటే అది దాచడం అవుతుంది," అంది వదిన.

ఆదివారం నన్ను తోడు తీసుకుని రేపల్లె బండి ఎక్కింది. ఒళ్ళో లాప్‌టాప్ సంచి. వేరుశెనక్కాయలు కొనిస్తే చేతిలోనే పట్టుకుని కూర్చుంది. రేపల్లెలో దిగి బస్సెక్కి, బస్సు దిగి కాస్త నడిచాం.

ధనలక్ష్మి మమ్మల్ని చూసి కంగారుగా చాప పరిచింది. "ఏంటక్కా, కబురైనా లేకుండా? మాస్టారు కూడా వచ్చారే! ఉండండి, టీ పెడతా."

"టీ తర్వాత. ముందు కూర్చో," అంది వదిన. జరిగింది జరిగినట్టు చెప్పింది. పెట్టె చెడిన సంగతి, తను పేరు మార్చిన సంగతి, కాపీ తెరిచి చూడని సంగతి. నేను అడ్డొచ్చి, తుఫానుగాలీ ఉప్పుగాలీ అని ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

ధనలక్ష్మి చాప అంచు గిల్లుతూ వింది. తర్వాత తలెత్తి, "నీకాడుంటే పోదన్నావు గదక్కా," అంది.

"అన్నాను."

"నేను ఇంకెవరికీ ఇయ్యలేదు. నిన్ను నమ్మి ఇంకోచోట పెట్టుకోలేదు."

"అవును."

క్షమించమని వదిన అడగలేదు. లోపల పొయ్యి మీద ఏదో పొంగి చుర్రుమంది. ఎవరూ లేవలేదు. ధనలక్ష్మే అడిగింది: "అసలేం మిగల్లేదా?"

"సగం మిగిలింది. బొమ్మ మధ్యలో ఆగిపోతుంది. గొంతు చివరిదాకా ఉంది. చూస్తావా?"

లోపల ఇరుకు, పొయ్యి పొగ. వాకిట్లోకి వచ్చాం. బోర్లించిన తట్ట మీద లాప్‌టాప్ పెడితే ఎండపడి తెర తెల్లగా అయిపోయింది. వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఎండకు వీపు పెట్టేట్టు తిప్పి, ధనలక్ష్మి వైపు పట్టుకుంది. నేను మీట నొక్కాను.

ఇదే వాకిట్లో అతను వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏంటే, తీస్తన్నావా? నా మొహంలో ఏముంది, కూర మాడతంది చూడు," అని నవ్వుతూ తల తిప్పబోయి, అక్కడే ఆగిపోయాడు. ధనలక్ష్మి చెయ్యి తెర దాకా వెళ్ళి నిలిచింది. ఆగిన మొహంలోంచి గొంతు కొనసాగింది. ఏదో పాట కూనిరాగం. దగ్గు. తర్వాత ఎవరినో గట్టిగా కేక: "పెద్దమ్మా! ఆ వల తీసెయ్యి, వాన వచ్చేట్టుంది!"

వీధికి అవతల వల బాగుచేసుకుంటున్న ముసలావిడ గబుక్కున లేచింది. ఆరేసిన వల మీద చెయ్యి వేసి ఆకాశం వైపు చూసింది. ఆకాశంలో మబ్బు లేదు. అప్పుడు మా వైపు తిరిగి, అలా వలను పట్టుకునే నిలబడిపోయింది. అటుపక్క ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే చేతిలో పని ఆపారు.

"మళ్ళీ పెట్టక్కా," అంది ధనలక్ష్మి.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ, మళ్ళీ. ఒక్కొక్కరే వచ్చి ధనలక్ష్మి వెనక నిలబడ్డారు. నేను అందుకుంటానంటే వదిన వద్దని తలూపింది. తెరకు వెనకవైపు ఉన్న ఆమెకు బొమ్మ కనబడదు. మోచేతులు వణుకుతున్నాయి. అయినా దించకుండా, చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా, ఆ లాప్‌టాప్‌ని అలాగే ఎత్తి పట్టుకుని, తెర చూస్తున్న ధనలక్ష్మి మొహాన్నే చూస్తూ ఉంది మా వదిన.