హాస్టల్ల గెలిచిన పార్టీ

పొద్దున తొమ్మిది నలభైకి మౌలాలిల బస్సెక్కిన. ఆడోళ్లకు ఫ్రీ గద, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇచ్చిండు. మా తమ్ముడు మల్లేశ్ యూనివర్సిటీ హాస్టల్ల ఉంటడు. కంది పంటకొచ్చే తెగుళ్ల మీద ఆరేండ్ల సంది పీహెచ్‌డీ చేస్తున్నడు. శుక్రవారం లోపల థీసిస్ ఇయ్యకుంటే రిజిస్ట్రేషనే పోతది. ఈయనేమో ఓ కొత్త పార్టీల జేరి, "అసెంబ్లీ ఎలక్షన్లు అయినంక రాస్త అక్కా" అని ఫోన్ పెట్టేసిండు. ఆరేండ్ల కష్టం గంగల కలుస్తదని నాకు ఒకటే భయం. చెవి పట్టి గుంజుకరానీకె బయలెల్లిన.

పక్క సీట్ల చర్చి స్కూల్ టీచరమ్మ, గుంటూరు దిక్కామె. కిటికీలకెల్లి గోడ మీద మావోని పార్టీ జెండా చూసి, "ఇదేం పార్టీ అండీ? మా వీధిలోకి ఒక్కరూ రాలేదు" అన్నది.

"వస్తరమ్మా, గెలిచినంక" అన్న.

పది పదికి తార్నాకల దిగిన. చౌరస్తాల ఇంత పెద్ద ఫ్లెక్సీ. కాబోయే ఎమ్మెల్యేనట, పండ్లన్నీ బయటవెట్టి నవ్వుతున్నడు. కింద వరుసల మావోని మొకం, గోరంత. ఇరానీ హోటల్ల చాయ్ తాగి ఆటో ఎక్కిన. మీరు పోతే మాత్రం ఎండల నడవకుండ్రి, గేటు కాడికెల్లి హాస్టల్ మస్తు దూరం.

పదకొండుకు హాస్టల్ మెట్ల మీద మీటింగ్. నలభై మంది పిలగాండ్లు, అందరి మెడల పార్టీ కండువలు. లీడర్ శ్రీకాంత్ ఒర్రుతున్నడు: "సర్వే అయిపోయింది! గీ సీటు మనదే!"

మల్లేశ్ ఉరికొచ్చి కాయితాల కట్ట నా చేతుల పెట్టిండు. "చూడక్కా, అందరు మనకే అంటున్నరు."

తిప్పి చూసిన. వెనుక కంది ఆకుల బొమ్మలు, గైడ్ మేడం ఎర్ర పెన్నుతోని దిద్దిన గీతలు. థీసిస్ కాయితాల మీదనే సర్వే రాసిండ్రు!

"ఎవలను అడిగిండ్రురా ఇది?"

"హాస్టళ్లల్ల రూం రూం తిరిగినం."

"మంచిది. గీ సీటుల వోటున్నోళ్లు చేతులెత్తుండ్రి."

ఒక్క చెయ్యి లేవలే. ఒకనిది సిద్దిపేటనట, ఇంకొకనిది జనగామనట. శ్రీకాంత్, "నాది అచ్చంపేట... మార్పిచ్చుకుందామనుకున్న" అని గొణిగిండు. ఆఖరికి చాయ్ అమ్మే సాయిలన్న కెటిల్ కింద పెట్టి చెయ్యెత్తిండు.

"నాది గీడనే అమ్మా. కని నన్నెవ్వలు అడగలే."

"అయ్యో నా తండ్రులారా! వోట్లు ఊర్లె పెట్టి తార్నాక గెలుస్తరా?" అన్న. మల్లేశ్ దిక్కు తిరిగిన. "నీదేడున్నదిరా?"

"మన ఊర్లెనే అక్కా."

వాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు పాపమనిపించింది గని చూపెట్టలే. మల్లేశ్ తక్కినోళ్ల చేతులల్ల ఉన్న థీసిస్ కాయితాలు గుడ ఒక్కొక్కటే గుంజుకున్నడు.

ఒంటిగంటకు తార్నాకల బస్సెక్కినం. "ఒక జీరో, ఒకటి పైసల టికెట్" అన్న. మల్లేశ్ ఉండవట్టలేక కండక్టర్‌ను అడగనే అడిగిండు.

"అన్నా, నీ వోటు ఏడ?"

"నల్గొండ తమ్మీ. ఎందుకు?"

"ఏం లే."

లాలాపేట దాటినంక కిటికీ గాలికి కాయితాలు లేస్తున్నయి. మల్లేశ్ మెడల కండువ తీసి కట్టను గట్టిగ కట్టి, పైనున్న కాయితం మీద మేడం దిద్దిన తప్పులు సదువుడు మొదలువెట్టిండు. ఆ పార్టీ కండువ ఒక పనికొచ్చుడు నేను చూసింది గదే మొదటిసారి.